రాజమండ్రిలో గట్టు వెంట, వీధుల వెంట

శుక్రవారం

రాజమండ్రిని రైలు కిటికీలోంచి చూసినవాళ్లే ఎక్కువ. బ్రిడ్జి మీదికి రాగానే లేచి కూర్చుని, జేబులో చిల్లర తడుముకుని నీళ్లలోకి విసిరి, ఓ దండం పెట్టుకుంటే ఈ ఊరితో పని అయిపోతుంది. దిగినవాళ్లలోనూ చాలామంది రేవులో మూడు మునకలేసి, మార్కండేయస్వామి గుళ్లో కొబ్బరికాయ కొట్టి, అన్నవరానికో పాపికొండలకో బయల్దేరతారు. రేవు వెనక వీధుల్లో ఏముందో చూసే తీరిక ఎవరికీ ఉండదు. తెలుగువాళ్లు ఒక్కసారైనా కాలినడకన తిరగాల్సిన ఊరు ఏదని నన్నడిగితే నేను చెప్పే పేరు ఇదే.

మేం వెళ్లింది సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర్లో. మేం అంటే నేను, హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి నాతో ఒకే ఆఫీసులో పనిచేస్తున్న స్నేహితుడు. వాడిది కొవ్వూరు, అంటే గోదావరికి అవతలి ఒడ్డు. డిగ్రీ చదివినన్నాళ్లూ పొద్దున్నే పాసింజరెక్కి గోదావరి దాటి రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి వచ్చిపోయేవాడు. నాది ధర్మపురి పక్కన పల్లె. మాకూ గోదావరే. కాకపోతే ఎండాకాలంలో మా దగ్గర నీళ్లు ఓ పక్కకు ఒదిగిపోతే, ఇసుకలో నడుచుకుంటూ చాలా దూరం పోయేవాళ్లం. ఆ నదే ఇక్కడ ఎలా ఉంటుందో తీరిగ్గా చూడాలని నా కోరిక. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఆటో ఎక్కేది లేదని రైల్లోనే మాట అనుకున్నాం.

గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి మంచు ఇంకా విడలేదు. గోదావరి స్టేషన్ దగ్గర లాడ్జిలో సామాన్లు పడేసి, పక్క వీధిలో పెసరట్టు ఉప్మా తిని గట్టెక్కాం. మెట్ల మీద నిలబడి చూస్తే అవతలి ఒడ్డు మంచులో కలిసిపోయి కనపడనే లేదు.

"ఏందిరా, ఇది నదేనా?" అన్నాను.

"ఇప్పుడు ధవళేశ్వరం గేట్లు వేసున్నాయి, అందుకే ఇంత నిండుగా, ఇంత నెమ్మదిగా ఉంది. ఆగస్టులో చూడాలి. ఎర్రగా మారిపోద్ది, చప్పుడు కూడా మారిపోద్ది" అన్నాడు.

నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే నది, సముద్రానికి ముందు ఒక్కటిగా కనిపించేది ఇక్కడే. అందుకే దీన్ని అఖండ గోదావరి అంటారు. కాస్త దిగువన ధవళేశ్వరం దాటగానే గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిపోతుంది. ఈ ఒడ్డునే పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టాడు.

పుష్కరాల రేవు ఆ పొద్దున ప్రశాంతంగా ఉంది. ఆడవాళ్లు దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. ఒక పురోహితుడు మెట్టు మీద కూర్చుని ఎవరికో తర్పణం చేయిస్తున్నాడు. ఈ రేవులోనే 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజు, తొక్కిసలాటలో పాతికమందికి పైగా చనిపోయారు. రేవు చూస్తే ఆ మెట్ల మీద అంతమంది ఒక్కసారి దిగితే ఏమవుతుందో ఎవరికైనా తెలిసిపోతుంది. వాళ్లలో ఎక్కువమంది దూరాభారం నుంచి ఒక్క స్నానం కోసం వచ్చినవాళ్లు. 2027లో మళ్లీ పుష్కరాలు. ఏర్పాట్లు చేసేవాళ్లు ముందుగా ఈ మెట్ల మీద కాసేపు నిలబడి చూడాలి.

అక్కణ్ణుంచి కోటిలింగాల రేవు వైపు నడిచాం. 2015 పుష్కరాలకు దీన్ని బాగా పొడిగించారు, కిలోమీటరు పొడవునా మెట్లే. ఎండెక్కేకొద్దీ మంచు తేలిపోయి నది మీద పడవలు బయటపడ్డాయి. ఇసుక పడవలు. ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒకదాన్ని చాలాసేపు చూశాం. పడవ పక్కన పొడవాటి వెదురు గెడ నిలువుగా పాతారు. ఒకాయన ఆ గెడ పట్టుకుని ఇనప బకెట్టుతో నీళ్లలోకి దిగిపోతాడు. కొన్ని క్షణాలు తాడు కదులుతుంది, మనిషి కనపడడు. పైన ఉన్నవాళ్లు తాడు లాగితే నీళ్లు కారుతూ బకెట్టు వస్తుంది, దాని వెనకే తల వస్తుంది. ఒక్క గుటక ఊపిరి, మళ్లీ లోపలికి. పడవ ఒడ్డుకు వచ్చాక చూస్తే ఆయన కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"పొద్దుట్నుంచి ఎన్నిసార్లు మునుగుతారండీ?" అని అడిగాను.

"లెక్కెట్టుకుంటే మునగలేమండి. పడవ నిండేదాకానండి" అన్నాడు.

హైదరాబాద్‌లో నేనుంటున్న అపార్ట్‌మెంట్ గోడల్లో ఏ నది ఇసుక ఉందో నాకు తెలీదు. ఇలాంటి ఒకరు ఊపిరి బిగబట్టి తెచ్చిన ఇసుకే అయ్యుండొచ్చు. ఒడ్డున గుట్టలు పోసిన ఇసుకను చూసినప్పుడల్లా ఇక ఆ మనిషే గుర్తొస్తాడు.

సాయంత్రం మళ్లీ పుష్కరాల రేవుకు వచ్చి నిత్యహారతి చూశాం. పెద్ద పెద్ద హారతులు, మైకులో మంత్రాలు, జనం. బావుంది. కానీ నాకు మాత్రం పొద్దున దొప్పల్లో వదిలిన చిన్న దీపాలే నచ్చాయి.

శనివారం

ఈ రోజంతా వీధులే. ముందు ఇన్నీసుపేటలో వంకాయలవారి వీధికి వెళ్లాం. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు అక్కడుంది. ఆయన 1848 ఏప్రిల్ 16న ఈ ఊళ్లోనే పుట్టారు. దారి అడిగితే మొదటి ఇద్దరికీ తెలీలేదు. మూడో ఆయన, ఇస్త్రీ బండి దగ్గర ఉన్న పెద్దాయన, పని ఆపి మాతో వీధి మొదటిదాకా వచ్చి చూపించాడు.

పెద్ద మేడ కాదు. పాతకాలపు ఇల్లు, చిన్న గదులు, గోడలకు ఫొటోలు. మాతో పాటు ఇంకెవరూ లేరు. 1881 డిసెంబరు 11న పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఏ కల్యాణ మంటపంలోనో కాదు, తన ఇంట్లోనే. ఊరంతా రెండుగా చీలింది. పెళ్లికి వెళ్లినవాళ్లను, అక్కడ భోజనం చేసినవాళ్లను వెలివేశారు. వంటవాళ్లు రానన్నారు, నీళ్లు మోసేవాళ్లు రానన్నారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తనే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చి, తనే వంట చేసి పెట్టారు.

ఇది చిన్నప్పుడు పాఠంలో చదివిందే. కానీ ఆ గడప ముందు నిలబడితే వేరుగా తగిలింది. "ఇక్కడ్నుంచి రేవుకెంత దూరంరా?" అని అడిగాను. వాడూ ఆగి ఆలోచించాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండా గోదావరి వైపు నడిచాం. ఖాళీ చేతులతో, చెప్పులు వేసుకుని, సాఫీ రోడ్డు మీద నడిచినా పావుగంట దాకా పట్టింది. నిండు బిందెతో, అదీ గుమ్మాల్లో నిలబడి ఊళ్లోవాళ్లు చూస్తుండగా, తిట్టేవాళ్లు తిడుతుండగా తిరిగి రావాలి. పెళ్లి వంటకు ఒక్క బిందె సరిపోదు కదా. పంతులుగారి పేరు ఊళ్లో చాలాచోట్ల ఉంది, విగ్రహాలున్నాయి. ఆవిడ నడిచిన ఆ దారికి ఒక చిన్న పలక అయినా పెడితే బావుంటుందని నాకు గట్టిగా అనిపించింది. పిల్లల్ని తీసుకొచ్చి ఈ ఇంటి నుంచి రేవు దాకా నడిపిస్తే చాలు, వేరే పాఠం అక్కర్లేదు.

పంతులుగారు కట్టించిన టౌన్‌హాలు కూడా చూశాం. 1890 నాటిది. జనం కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటుండాలని సొంత డబ్బుతో కట్టించారు. 1906లో హితకారిణీ సమాజం పెట్టి ఉన్న ఆస్తంతా దానికే రాసిచ్చేశారు. ఆ సమాజం కిందే ఆయన పేరుతో విద్యాసంస్థలు నడిచాయి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు పోయారు, 1919లో మద్రాసులో పంతులుగారు పోయారు.

తర్వాత గౌతమీ గ్రంథాలయం. ఇది రెండు గ్రంథాలయాల కలయిక. ఒకటి నాళం కృష్ణారావుగారు పెట్టింది, ఇంకోటి వసురాయకవిగా పేరున్న వడ్డాది సుబ్బారాయుడుగారు పెట్టింది. ఎవరి పుస్తకాలు వాళ్లు పంచుకుపోవడం చూస్తుంటాం గానీ, ఉన్నవి తెచ్చి ఒకచోట చేర్చి ఊరికి ఇచ్చేయడం ఎక్కడో గానీ జరగదు. తాళపత్రాలున్నాయి, వందేళ్ల నాటి పత్రికలున్నాయి. మేం వెళ్లేసరికి చదువుకునే గదిలో పోటీ పరీక్షల కుర్రాళ్లు బల్లల నిండా కూర్చున్నారు. ఒక మూల పంచెకట్టు పెద్దాయన భూతద్దం పెట్టుకుని పాత పత్రిక చదువుతున్నాడు. పేజీ తిప్పడానికి రెండు చేతులూ వాడుతున్నాడు, కాగితం విరుగుతుందేమోనని. ఈ కాగితాలన్నిటినీ స్కాన్ చేసి భద్రపరచడం మన తరం పని. మన తర్వాతి తరానికి అవి మిగలవు.

మధ్యాహ్నం ఎండ చురుక్కుమంది. కోటగుమ్మం దగ్గర మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగాం. ఇక్కడ రోజ్ మిల్క్ అంటే సిరప్ కలిపిన మామూలు పాలు కాదు. చిక్కగా మరిగి చల్లారిన పాలు, పైన కోవా. గ్లాసు అడుగుకు వచ్చేసరికి తాగడం పోయి తినడం అవుతుంది. మా వాడు కాలేజీ రోజుల్లో నెలకోసారి మాత్రమే తాగగలిగేవాడట. ఇప్పుడు రెండు గ్లాసులు తాగి, మూడోది నాకిప్పించాడు.

ఆ ఉత్సాహంతోనే పాల్ చౌక్ దాకా నడిచాం. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలు ఇచ్చారు, ఆయన పేరే ఆ చౌక్‌కు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు తెలుగులో చెప్పేవారు. ఆ సభలోనే ఆయన ఆశువుగా ఆ ప్రసిద్ధమైన పద్యం చెప్పారు. భరతఖండం పాడియావు, మనం ఆకలితో ఏడ్చే లేగదూడలం, తెల్లవాళ్లు మూతులు బిగగట్టి పాలు పితుక్కుపోయే గొల్లవాళ్లు. చిలకమర్తివారికి చూపు సరిగా ఉండేది కాదు. అయినా అంతమంది ముందు నిలబడి, అప్పటికప్పుడు, తెల్లదొరల రాజ్యంలో ఆ మాట అన్నారు. ఇప్పుడక్కడ ఆటోల హారన్ల మధ్య మాట వినపడదు. మా వాడు ఆ పద్యం మొదలెట్టాడు, మధ్యలో నేనందుకున్నాను. పక్కనున్న పళ్ల బండాయన చివరి పాదం మాతో కలిపాడు. అది మాత్రం నేను అస్సలు ఊహించలేదు.

సాయంత్రం మిగిలిన కాస్త టైంలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లాం. తెలుగువాళ్లలో ఈయన పేరు తెలిసినవాళ్లు ఇంత తక్కువమంది ఉండటం నాకు బాధ. 1897లో ఈ ఊళ్లో పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ఈ కుర్రాడి చేతిలో విద్య కనిపెట్టి, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపారు. అక్కడ చదివి మళ్లీ ఇక్కడికే వచ్చి చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి సోకి పోయారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాలను నిలబెట్టారు. రామారావుగారి భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే.

"పుష్పాలంకరణ" ముందు చాలాసేపు నిలబడ్డాం. ఆడవాళ్ల వేళ్లు చూడాలి. పూలు నలగకూడదన్నట్టుగా ఉంటాయి ఆ వేళ్లు. చీర మడతల్లో గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కనిపెట్టలేం. "వీడు అరవై ఏళ్లు బతికుంటేనా" అన్నాడు మా వాడు, సొంత తమ్ముడి గురించి అన్నట్టు. వందేళ్ల నాటి రంగులు. గదిలో గాలి, వెలుతురు, తేమ వాటికి పడేలా చూసుకోవడానికి డబ్బు కావాలి, శ్రద్ధ కావాలి. మనలాంటివాళ్లు వెళ్లి చూస్తుంటేనే ఆ శ్రద్ధ వస్తుంది.

తిరిగొస్తూ ఆర్ట్స్ కాలేజీ మీదుగా వచ్చాం. 1853లో బడిగా మొదలైంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం ఇక్కడ పాఠం చెప్పారు. గేటు వేసేశారు. మా వాడు కటకటాల్లోంచి ఏదో చెట్టు చూపించాడు, చీకట్లో నాకు సరిగా కనపడలేదు.

ఆదివారం

ధవళేశ్వరం ఇక్కడికి ఎనిమిది కిలోమీటర్ల దాకా ఉంటుంది. పొద్దున్నే బయల్దేరాం. ఊరు దాటేదాకా దారి మనసుకు కష్టంగానే ఉంది. ఒకచోట ఊరి మురుగు మోసుకొచ్చే కాలువ నల్లగా వచ్చి గోదావరిలో కలుస్తోంది. పైన ఎక్కడో మునిగి దండం పెట్టుకున్న నీళ్లే ఇవి, ఇంకొంచెం కిందికి వెళ్లి డెల్టా ఊళ్లకు తాగునీళ్లయ్యేవీ ఇవే. హారతికి పెట్టే శ్రద్ధలో సగం ఈ కాలువ నోటి దగ్గర మురుగుశుద్ధికి పెడితే గోదావరమ్మకు అంతకన్నా పెద్ద పూజ ఉండదు. మా వాడు మాత్రం ముక్కు మూసుకోలేదు. "మా ఊరి చెత్త, నేనెందుకు మూసుకోవాలి" అన్నాడు.

ధవళేశ్వరంలో ముందు కాటన్ మ్యూజియం చూశాం. ఆర్థర్ కాటన్ దొర ఆనకట్ట పనుల కాలంలో ఉన్న చోటు. బయట పాత యంత్రాలు, లోపల ఆనకట్ట నమూనాలు, మ్యాపులు. నేను ఎక్కువసేపు మ్యాపుల దగ్గరే ఉండిపోయాను. ఆనకట్ట ఒకే గోడ కాదు. నది నడుమ లంకలున్నాయి కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. 1832, 33ల్లో కరువు, 1839లో ఉప్పెన. పక్కనే ఇంత నీళ్లు సముద్రంలో కలుస్తుంటే జనం తిండి లేక చచ్చిపోయిన చోటు ఇది. కాటన్ 1844లో నివేదిక ఇచ్చారు, 1847లో పని మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం కొండ రాయి కొట్టి, పట్టాలు వేసి బండ్ల మీద నది దాకా తెచ్చారు. బొంబాయి నుంచి ఠాణాకు 1853లో మొదటి ప్రయాణికుల రైలు నడవకముందే ఇక్కడ రాళ్ల కోసం పట్టాలు పడ్డాయి.

కాటన్ పేరు పక్కనే ఇక్కడివాళ్లు చెప్పే ఇంకో పేరు వీణెం వీరన్న. కూలీలను కూడగట్టి పని నడిపించిన మన మనిషి. గోదావరి పల్లెల్లో కాటన్ విగ్రహాలు చాలా ఉన్నాయి. స్నానసంకల్పంలో ఆయన పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు. దొరల పాలన మనకు చేసిన అన్యాయం ఏమిటో నిన్న పాల్ చౌక్‌లో పద్యం చెప్పుకున్నవాళ్లమే. అయినా ఈ ఒక్క దొరకు దండం పెట్టడానికి నాకేమీ అడ్డు రాలేదు. పైవాళ్లు నీళ్ల కన్నా రైళ్ల మీద డబ్బు పెట్టాలంటే, కాదని జీవితమంతా వాదించిన మనిషి ఆయన.

ఇప్పుడు కనిపించేది ఆ పాత ఆనకట్ట కాదు. 1970 తర్వాత కట్టిన బ్యారేజీ, 175 గేట్లు, పైన రోడ్డు. మూడు కాలువల కింద పది లక్షల ఎకరాలకు పైగా సాగవుతుంది. మేం రోడ్డు మీద లంక దాకా నడిచాం. ఒక పక్క నిండు నీళ్లు, ఇంకో పక్క ఇసుక మేటలు, సన్నటి పాయలు. ఒకే గోడకు అటూ ఇటూ రెండు నదులు ఉన్నట్టుంది. గేటు కింద సందులోంచి చిమ్మే నీళ్ల దగ్గర కొంగలు వరసగా కూర్చున్నాయి. కింద వలలు ఆరబెట్టుకుంటున్న ఒకాయన్ని పులస గురించి అడిగితే నవ్వి, "శ్రావణంలో రండి, అప్పుడు బేరం చేద్దాం" అన్నాడు. ఎర్రనీళ్లు వచ్చాకే సముద్రం నుంచి ఆ చేప ఎదురీదుకుంటూ ఇక్కడిదాకా వస్తుంది.

వరద హెచ్చరికలు ఇక్కడి లెక్క ప్రకారమే. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడోదంటే పదిహేడు లక్షల క్యూసెక్కుల మాట. 1986 ఆగస్టులో దానికి రెట్టింపు, ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. ఆ అంకె వింటే ఏమీ అర్థం కాదు. బ్యారేజీ మీద నిలబడి, కింద ఇప్పుడు సోమరిగా కదులుతున్న నీళ్లు చూస్తూ వింటే కాళ్లలో సన్నటి వణుకు వస్తుంది.

వెనక్కి మాత్రం బస్సెక్కాం. ఆటో ఎక్కేది లేదనుకున్నాం గానీ బస్సు గురించి మాట అనుకోలేదు.

సోమవారం

ఇవాళ నది దాటడం. రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద కొవ్వూరుకు నడక. 1974లో వచ్చిన బ్రిడ్జి ఇది. కింద రైలు, పైన రోడ్డు. రైలు వెళ్తుంటే అరికాళ్లలోంచి తెలుస్తుంది. లారీలూ బైకులూ పక్కనుంచే పోతుంటాయి కాబట్టి నడిచేవాళ్లు చాలా జాగ్రత్తగా ఉండాలి. పిల్లలతో వెళ్లమని నేను చెప్పను.

దిగువ వైపు చూస్తే మిగతా రెండు రైలు బ్రిడ్జిలు పక్కపక్కనే. ఒకటి విల్లు ఆకారంలో కమానులున్న కాంక్రీటు బ్రిడ్జి, రాజమండ్రి అంటే ఇప్పుడందరూ ఫొటో తీసేది దాన్నే. దాని పక్కన నల్లటి ఇనప గర్డర్లతో, రాతి స్తంభాల మీద పాత హేవలాక్ బ్రిడ్జి. 1897లో మొదలై 1900లో పూర్తయింది, 56 స్పాన్లు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. మద్రాసు నుంచి హౌరా దాకా రైలు గోదావరిని దాటింది దాని మీదే. 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు.

మా వాడు డిగ్రీకి వచ్చింది దాని మీదే. నడి గోదావరిలో ఆగి చెప్పడం మొదలెట్టాడు. పాసింజరు బ్రిడ్జెక్కగానే చప్పుడు మారిపోయేదట, పెట్టెలో మాట్లాడుకునేవాళ్లందరూ ఒకేసారి గొంతు పెంచేవాళ్లట. పాలక్యాన్ల వాళ్లు, కూరల బుట్టల వాళ్లు, ఆఫీసుల వాళ్లు, స్టూడెంట్లు. పరీక్షల రోజుల్లో బ్రిడ్జి ఈ చివర ప్రశ్న అడిగితే ఆ చివరకు జవాబు పూర్తవ్వాలని పందెం. "ఒక్కసారైనా దాని మీద నడవాలిరా. ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నాను" అన్నాడు.

ఆ బ్రిడ్జిని పర్యాటకుల కోసం తీర్చిదిద్దుతామని ఎన్నాళ్ల నుంచో అంటున్నారు. 2025లో అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన కూడా జరిగింది. దాని మీద లైట్లు, కొట్లు, సెల్ఫీ పాయింట్లు ఎన్ని వచ్చినా రానీ, ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచిపోయే దారి ఒకటి తప్పకుండా వదలాలి. రెండు ఒడ్లకూ మధ్య భయం లేకుండా నడిచే దారి ఇప్పుడు ఒక్కటీ లేదు. కొవ్వూరు పిల్ల సైకిలు తోసుకుంటూ రాజమండ్రి గ్రంథాలయానికి వచ్చి వెళ్లగలగాలి. నూట పాతికేళ్ల వయసున్న స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి.

కొవ్వూరులో గోష్పాద రేవులో కాళ్లు కడుక్కుని, మా వాడి పిన్నిగారింటికి వెళ్లాం. ఆవిడ అప్పటికే వంట ముగించి గుమ్మంలో ఎదురుచూస్తున్నారు. ముద్దపప్పు, ఆవకాయ, ఆవపెట్టిన పనసపొట్టు కూర, గడ్డపెరుగు. "తిను బాబూ, మొహమాటపడకు. మీ వైపు పనసపొట్టు వండుతారో లేదో" అంటూ మళ్లీ మళ్లీ వడ్డించారు.

తింటూ మేం చూసినవన్నీ చెప్పాం. 86 వరద మాట రాగానే ఆవిడ అందుకున్నారు. రాత్రంతా సామాన్లు అటకెక్కించుకుంటూ కూర్చున్నారట, గట్టు తెగిందని ఎవరో అరిస్తే పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తారట. ఆ తర్వాత రాజ్యలక్ష్మమ్మగారు నీళ్లు మోసిన సంగతి చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె ఆగింది.

"పంతులుగారి పేరు తెలుసు గానీ, ఆవిడ సంగతి ఎవరూ చెప్పలేదు బాబూ. ఆ ఇల్లు ఇప్పుడూ ఉందా?"

"ఉంది పిన్నీ. ఇన్నీసుపేటలో" అన్నాడు మా వాడు.

"నలభై ఏళ్లుగా బట్టలకీ బంగారానికీ రాజమండ్రి వెళ్తూనే ఉన్నాను. ఒక్కళ్లూ చెప్పలేదు." లోపలికి చూసి మనవరాల్ని పిలిచారు. ఏడో తరగతి పిల్ల, చేతిలో నోటు పుస్తకంతోనే వచ్చింది. "ఒరేయ్, దారి ఈ పుస్తకంలో వెయ్యి. ఆదివారం దీన్ని తీసుకెళ్తాను."

వాడు చెయ్యి కడుక్కొచ్చి, గోదావరి స్టేషన్‌తో మొదలుపెట్టి గీశాడు. మెయిన్ రోడ్డు, కోటగుమ్మం, వంకాయలవారి వీధి. అక్కణ్ణుంచి రేవు దాకా ఒక గీత. ఆ పిల్ల ఆ గీత పక్కన పెన్సిలుతో "నడవాలి" అని రాసుకుంది.